తాల్‌బగీచాలో తెలుగు

వంగభాషలో తాల్ అనగా తాడిచెట్టు. బగీచా అనగా తోట. ఖరగ్‌పూర్ రైలుపట్టణమునందలి తాల్‌బగీచా పేరు, తాటితోపుల తీరసీమనుండి పోయిన తెలుగువారికి పరాయిదిగా తోచియుండదు.

ఈ వలస రైలుదారి వెంట సాగినది. 1887లో ఏర్పడిన బెంగాల్-నాగపూర్ రైల్వే కంపెనీ ఖరగ్‌పూరును పెద్ద కూడలిగాను, కర్మాగార కేంద్రముగాను పెంచెను. తూర్పుతీరపు రైలుమార్గమున ఉత్తరభాగము 1902లో ఆ కంపెనీ అధీనమయ్యెను. అంతట గంజాము, విశాఖ మండలముల వారికి కూలి దొరకు చోటు ఒక్క రైలు ప్రయాణపు దూరములోనికి వచ్చినది.

1927లో ఆ రైల్వే కార్మికులు చేసిన సమ్మెకు వరాహగిరి వెంకటగిరి నాయకత్వము వహించెను. 1969లో ఆయనయే రాష్ట్రపతి అయ్యెను. కార్మికచరిత్ర ఈ పట్టణమును ఎరుగును. మన సాహిత్యచరిత్ర మాత్రము ఎరుగదు.

ఒంటరిగా పోయినవాడు జీతము కూడబెట్టుకొని తిరిగివచ్చును. ఆలుబిడ్డలతో పోయినవాడు భాషను వెంట గొనిపోవును. జోలపాట, పెండ్లిపాట, సామెత లిపి లేకయే నిలుచును. కాని బడిలో తెలుగు కరవైనచో మనుమల తరమునకు మాట మిగిలి అక్షరము జారిపోవును.

2020 డిసెంబరులో పశ్చిమబెంగాల్ మంత్రివర్గము తెలుగునకు అధికారభాషా ప్రతిపత్తి నీయ నిర్ణయించినది. శతాబ్దికి పైబడిన కాపురమునకు అది తగిన గౌరవమే. అయితే ప్రభుత్వము ప్రతిపత్తి నీయగలదు గాని పాఠకుని పుట్టింపజాలదు. ఆ యిండ్లలోని తెలుగును విని, వ్రాసి, మరల వారి బిడ్డల చేతికే అందించుట రచయితల పని.