ఫీజు ఎవరు కట్టాలి?

విద్యార్థుల ఊరేగింపు కనబడితే “చదువుకునే పిల్లలకు రోడ్ల మీద పనేమిటి?” అనే మాట మన పెన్షనర్ల నోటి నుంచే తరచుగా వినిపిస్తుంది. ఒక కళాశాల కార్యాలయంలో ఏళ్ళ తరబడి ఫీజుల రిజిస్టరు రాసి రిటైరైనవాడిగా, ఆ కోపం వెనుక ఉన్న లెక్కను మిత్రుల ముందుంచుతున్నాను.

మనలో చాలామందిమి నామమాత్రపు ఫీజుతో, స్కాలర్‌షిప్పుతో, సర్కారు హాస్టలు అన్నంతో చదివి ఉద్యోగాలు సంపాదించినవాళ్ళమే. జాతీయాదాయంలో 6 శాతం విద్యపై ఖర్చు చేయాలని 1964-66 నాటి కొఠారీ కమిషన్ చెప్పింది. ప్రభుత్వాలు ఆ గీటు దాకా రాలేదు. సీట్లు చాలనిచోట ప్రైవేటు కళాశాలలు వచ్చాయి, వాటి వెంట డొనేషన్లూ వచ్చాయి.

క్యాపిటేషన్ ఫీజును నిషేధిస్తూ మన రాష్ట్రంలో 1983లోనే చట్టం చేశారు. అయినా 1992లో ప్రైవేటు మెడికల్, డెంటల్ కాలేజీలకు ప్రభుత్వం ఒక్కసారిగా అనుమతులిచ్చింది. విద్యార్థులు రోడ్డెక్కారు. హైకోర్టు ఆ అనుమతులను కొట్టివేసింది. ముఖ్యమంత్రి నేదురుమల్లి జనార్దనరెడ్డి పదవి వదులుకోవలసి వచ్చింది.

అదే ఏడాది జూలైలో కర్ణాటకకు చెందిన మోహినీ జైన్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. అక్కడి ప్రైవేటు మెడికల్ కాలేజీల్లో ప్రభుత్వ సీటుకు ఏటా 2,000 రూపాయలు, ఆ రాష్ట్ర విద్యార్థికి 25,000, బయటివారికి 60,000. తరగతి ఒకటే, పాఠం ఒకటే, ధరలు మాత్రం మూడు! క్యాపిటేషన్ ఫీజు చెల్లదని కోర్టు చెప్పింది. 1993 ఫిబ్రవరిలో ఉన్నికృష్ణన్ కేసులో, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రతివాదిగా ఉండగా, ఫ్రీ సీట్లు సగం, పేమెంటు సీట్లు సగం, రెండూ మెరిట్ మీదనే అన్న పద్ధతి వచ్చింది. మన ఉద్యోగుల పిల్లలెందరో ఆ ఫ్రీ సీట్లలోనే చదివారు. 2002లో పదకొండుగురు న్యాయమూర్తుల ధర్మాసనం టి.ఎం.ఎ. పాయ్ కేసులో ఆ పద్ధతిని తీసివేసింది.

మరోవైపు, కేంద్ర విశ్వవిద్యాలయాలు అయిదేళ్ళలో 15 శాతం, పదేళ్ళలో 25 శాతం సొంత ఆదాయం చూసుకోవాలని 1993లో జస్టిస్ పున్నయ్య కమిటీ సూచించింది. సొంత ఆదాయమంటే చాలావరకు ఫీజే కదా! ఖర్చు మోయవలసిన భుజం అలా మెల్లగా మారింది.

2008లో మన రాష్ట్రంలో ఫీజు రీయింబర్స్‌మెంటును విస్తరించారు. వేలాది ఇళ్ళలో మొదటి ఇంజనీరు పుట్టింది అప్పుడే. ఆ మేలు కాదనరానిది. కానీ తరువాతి ఏళ్ళలో బిల్లులు ఆగాయి. సర్కారు నుంచి సొమ్ము రాలేదని కళాశాలలు సర్టిఫికెట్లు ఆపాయి. చదువు పూర్తయి, ఉద్యోగానికి పిలుపు వచ్చి, చేతిలో కాగితం లేని పిల్లవాడి పరిస్థితి ఊహించండి. రాష్ట్రం విడిపోయాక కూడా రెండు చోట్లా ఈ బకాయిల కోసం విద్యార్థులు ధర్నాలు చేశారు.

బకాయి అంటే ఏమిటో డి.ఏ. కోసం ఎదురుచూసిన మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఆలస్యమైనా మన పెన్షన్ మనకు వస్తుంది. పిల్లవాడికి తప్పిపోయిన విద్యా సంవత్సరం తిరిగిరాదు. బస్సుల అద్దాలు పగలగొట్టడాన్ని నేను సమర్థించను. అయితే పై చరిత్రలో సంస్కరణ అనదగినది చాలావరకు ఎవరో ఒకరు గట్టిగా అడిగిన తరువాతనే వచ్చింది. ప్రజల సొమ్ముతో చదువుకున్న తరం మనది. వెనుక వచ్చేవారికి ఆ తలుపు మూసుకుపోతూంటే, మన సంఘం కూడా ఒక మహజరు మీద సంతకం పెట్టడం న్యాయమని నా మనవి.