ఏనుగుల లెక్క సరే, గంజి పోసిందెవరు?

శ్రీముఖలింగం అనగానే మధుకేశ్వరాలయం, వంశధార, తూర్పు గాంగ రాజులు గుర్తొస్తారు. గాంగుల కళింగనగరం ఇదేనని వాదించినవాళ్ళలో మన గిడుగు రామమూర్తి పంతులుగారు ఒకరు. ఆయన పుట్టిన పర్వతాలపేట కూడా ఆ పక్కనే.

ఈ చరిత్ర చదివినప్పుడల్లా నాకో సందేహం. కళింగ అంటే ఏనుగులు. మేలుజాతి ఏనుగుల్లో అర్థశాస్త్రం కళింగవాటిని చేర్చింది. 7వ శతాబ్దంలో హ్యూయన్‌త్సాంగ్ కూడా ఇక్కడి నల్లటి పెద్ద అడవి ఏనుగుల గురించి రాశాడు. బాగానే ఉంది. మరి వాటిలో ఒకటి జబ్బుపడి మేత మానేస్తే? సర్వర్లు ఎన్నున్నాయో చెప్పి, అర్ధరాత్రి పడిపోతే లేచి చూసేవాడి సంగతి వదిలేసినట్టుంటాయి మన చరిత్రలు.

కళింగ గురించే కాకపోయినా, అర్థశాస్త్రంలో కొంత జవాబుంది. ఈనిన గుర్రానికి మూడు రాత్రులు ప్రస్థం చొప్పున నెయ్యి తాగించాలి. ఆ తర్వాత పది రాత్రులు సత్తుపిండి, మందు కలిపిన నూనె. వైద్యుడి తప్పువల్ల రోగం ముదిరితే వైద్యం ఖర్చుకి రెట్టింపు జరిమానా. గుర్రం చస్తే దాని ఖరీదు కట్టాలి. ఆవులకీ, గేదెలకీ, మేకలకీ ఇదే రూలు! క్రీ.పూ. 3వ శతాబ్దంలో, ఇప్పటి గంజాం జిల్లా జౌగడ కొండరాతి మీద, పశువులకీ చికిత్స ఏర్పాటు చేశానని అశోకుడు చెక్కించాడు.

ఏనుగుల శాలలు పోయాయి. పల్లెల్లో మిగిలింది వెదురు గొట్టం. మేత ముట్టని ఎద్దుకి దాంతోనే గంజి, చోడి జావ, మందు పోసేవాళ్ళు. ప్రేమతోనే పోస్తారు, కానీ తల బాగా పైకెత్తి, నాలుక లాగి పట్టుకుని పోస్తే గంజి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఆకలితో చావని పశువు న్యుమోనియాతో చస్తుంది.

పశువుల డాక్టర్లు వాడే పొడుగు గొట్టం నోట్లోంచి కడుపుదాకా వెళ్తుంది. గాలి ఊది, ఎడమ డొక్క దగ్గర బుడబుడ విని, సరిగ్గా దిగిందని తేల్చుకున్నాకే పోస్తారు. పైగా నెమరువేసే పశువు కడుపులో మేతని అరిగించేవి సూక్ష్మజీవులు. అవి చచ్చిపోతే ఎంత గంజి పోసినా దండగే. అందుకే ఒక్కోసారి ఆరోగ్యంగా ఉన్న ఆవు కడుపులోంచి ద్రవం తీసి జబ్బు ఆవుకి ఎక్కిస్తారు.

శాసనాలు కాపాడుకుందాం, కాదనను. కానీ గొట్టం పట్టిన చేతులకీ చరిత్రలో ఓ పేజీ ఇవ్వాలి. ఆ చేతులకే సరైన పద్ధతి నేర్పాలి కూడా. పశువు పోతే ఆ ఇంటి ఏడాది బతుకు పోయినట్టే. ఏమంటారు?