థైరాయిడ్‌కి "వేరే దారి" అంటున్నారు కదా, ఆ దారి ఎక్కడి నుంచి వచ్చింది?

ఈ ఎపిసోడ్ థైరాయిడ్ గురించి. ముందే చెప్తున్నా, నేను డాక్టర్ని కాదు, చరిత్ర చెప్పేవాణ్ణి. ఏ మాత్ర వేసుకోవాలో నన్ను అడక్కండి.

మా ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్ల మధ్య ఏ టీ బండి దగ్గరైనా పది నిమిషాలు నిలబడండి. ఇంట్లోవాళ్లకో, అక్కకో, తనకేనో థైరాయిడ్ తక్కువుందని ఒకరు చెప్తారు. వెంటనే ఇంకొకరు అందుకుంటారు. "ఆ మాత్ర జీవితాంతం ఎవడు మింగుతాడు, దేవకాంచనం కషాయం తాగించు" అని ఒకరు. "రిపోర్టులు నమ్మకు, పొద్దున్నే థర్మామీటర్ పెట్టుకుని చూడమను" అని ఇంకొకరు. "అయోడిన్ తక్కువై ఉంటుంది, చుక్కలు వాడమను" అని మూడోవాళ్లు. వినేవాళ్లకి ఇవన్నీ కొత్తగా ఉంటాయి. నిజానికి వీటిలో థర్మామీటర్, అయోడిన్ ఒకప్పుడు పెద్ద డాక్టర్లే వాడినవి. అవి ఎందుకు వెనక్కి వెళ్లాయో తెలిస్తే, మీ ఇంట్లో ఎవరైనా మాత్ర మానేస్తానన్నప్పుడు ఏం అడగాలో మీకే తెలుస్తుంది.

1873లో విలియం గల్ అనే లండన్ డాక్టరు కొందరు ఆడవాళ్ల గురించి రాశాడు. మొహం ఉబ్బి, మాట మందగించి, ఎప్పుడూ చలిగా, నీరసంగా ఉండేవాళ్లు. కారణం మెడలో ఉన్న చిన్న గ్రంథి అని తేలడానికి ఇంకో పదిహేనేళ్లు పట్టింది. అప్పటిదాకా మందు లేదు. 1891లో జార్జ్ ముర్రే అనే కుర్ర డాక్టరు గొర్రె థైరాయిడ్ గ్రంథి నుంచి రసం తీసి, 46 ఏళ్ల ఒకావిడకి ఇంజెక్షన్ చేశాడు. ఆవిడ కోలుకుని ఇంకో 28 ఏళ్లు బతికింది. అన్నేళ్లలో ఆవిడ కోసం 870 గొర్రెల గ్రంథులకి పైగా వాడారట! మరుసటి ఏడాదే నోటితో తింటే చాలని తేలింది. ఒక డాక్టరైతే గ్రంథిని కాస్త వేయించి, జెల్లీతో కలిపి వారానికోసారి తినమన్నాడు. నవ్వకండి, అది పనిచేసింది.

తర్వాత పంది గ్రంథిని ఎండబెట్టి పొడి చేసి బిళ్లలు కట్టారు. ఇప్పుడు "నేచురల్ థైరాయిడ్" పేరుతో ఇంటర్నెట్‌లో గొప్పగా చెప్పేది దీన్నే. కొత్తదేం కాదు, దాదాపు డెబ్భై ఏళ్లు అదే ప్రధాన మందు. శాకాహారులు "నేచురల్" అనే మాట చూసి కొనేముందు అది దేంతో చేశారో ఒకసారి చదవండి.

ఇక పరీక్ష సంగతి. హార్మోన్‌ని కొలిచే దారి లేని రోజుల్లో, రోగిని పరగడుపున పడుకోబెట్టి ఎంత ఆక్సిజన్ పీలుస్తున్నాడో కొలిచేవాళ్లు. బండి ఖాళీగా ఆన్‌లో ఉన్నప్పుడు ఎంత డీజిల్ తాగుతోందో చూడ్డంలాంటిది అన్నమాట. అదో పెద్ద తతంగం, పైగా రోగి కంగారుపడితే లెక్క తప్పేది. అందుకని 1942లో అమెరికాలో బ్రోడా బార్న్స్ అనే డాక్టరు సులువు దారి చెప్పాడు. నిద్ర లేచీ లేవగానే చంకలో పది నిమిషాలు థర్మామీటర్ పెట్టుకోండి, 97.8 ఫారెన్‌హీట్ కంటే తక్కువుంటే థైరాయిడ్ మందగించినట్టే అన్నాడు. ఆ రోజుల్లో అది తెలివైన ఆలోచనే. కానీ ఒంటి వేడి నెలసరితో మారుతుంది, నిద్రతో, తిండితో, గదిలో ఏసీతో మారుతుంది. మే నెలలో బెజవాడ రేకుల షెడ్డు కింద పడుకున్న మనిషికీ, ఏసీలో దుప్పటి కప్పుకున్న మనిషికీ ఒకే గీత గీస్తే ఎలా?

1960ల్లో టీఎస్‌హెచ్‌ని రక్తంలో కొలవగలిగారు. ఇక్కడ కథ మలుపు తిరిగింది. టీఎస్‌హెచ్ థైరాయిడ్ హార్మోన్ కాదు, మెదడు కింద ఉన్న పిట్యూటరీ గ్రంథి ఇచ్చే ఆర్డర్. లారీ ఘాట్ ఎక్కలేకపోతుంటే డ్రైవర్ యాక్సిలరేటర్ ఇంకా తొక్కుతాడు కదా, అలాంటిది. టీఎస్‌హెచ్ ఎక్కువుంటే కాలు గట్టిగా తొక్కుతోంది, ఇంజిన్ లాగట్లేదు అని అర్థం. లెవోథైరాక్సిన్‌గా ఇచ్చిన టీ4ని మన ఒళ్లే టీ3గా మార్చుకుంటుందని 1970లో రుజువైంది. దాంతో పంది బిళ్ల వెనకబడింది. బిళ్ల బిళ్లకీ మోతాదు మారడం ఒక సమస్య అయితే, మనిషి గ్రంథితో పోలిస్తే అందులో టీ3 పాలు బాగా ఎక్కువ కావడం ఇంకో సమస్య.

అయోడిన్ దగ్గరకి వస్తే మన తెలుగాయన ఒకరున్నారు. ఉలిమిరి రామలింగస్వామి గారు, 1921లో శ్రీకాకుళంలో పుట్టి, విశాఖ ఆంధ్రా మెడికల్ కాలేజీలో చదివారు. తర్వాత ఢిల్లీ ఎయిమ్స్ డైరెక్టర్ అయ్యారు. 1956 నుంచి హిమాచల్ కాంగ్రా లోయలో ఆయన బృందం లక్షమంది మధ్య ఒక ప్రయోగం చేసింది. లోయని మూడు భాగాలు చేసి, రెండింటికి అయోడిన్ కలిపిన ఉప్పు, ఒకదానికి మామూలు ఉప్పు పంపారు. అయోడిన్ అందిన చోట ఆరేళ్లలో పిల్లల్లో మెడవాపు దాదాపు సగానికి తగ్గింది. మామూలు ఉప్పు తిన్న చోట తగ్గలేదు. ఇవాళ మీ వంటింట్లో ఉన్న ఉప్పు ప్యాకెట్ వెనక ఆ లోయ ఉంది.

మరి అయోడిన్ అంత మంచిదైతే చుక్కలు వేసుకోవచ్చుగా? కాంగ్రాలో అయోడిన్ లేదు, అందుకే పనిచేసింది. అయోడిన్ ఉప్పు తినే మనలో థైరాయిడ్ మందగించడానికి ఎక్కువగా కారణం వేరే. ఒంట్లోని రక్షణ వ్యవస్థే గ్రంథిని దెబ్బతీస్తుంది. 1912లో హషిమోటో అనే జపాన్ డాక్టరు వర్ణించిన జబ్బు అది. అక్కడ అదనపు అయోడిన్ పోస్తే ఇంకా చెడొచ్చు. డీజిల్ నిండుగా ఉన్న ట్యాంకులో మళ్లీ డీజిల్ పోస్తే పిస్టన్ బాగవదు కదండీ.

దేవకాంచనం కూడా ఊరికే పుట్టిన మాట కాదు. సుశ్రుతుడు గలగండం గురించి రాశాడు, ఆ చెట్టు బెరడుతో చేసే కాంచనార గుగ్గులు ఆయుర్వేదంలో ఎప్పటి నుంచో ఉంది. కాకపోతే గలగండం అంటే మెడవాపు. కంటికి కనిపించేది. హార్మోన్ తగ్గడం కంటికి కనిపించదు, చాలామందికి మెడ వాయదు కూడా. పేరు దగ్గరగా ఉందని రెండు జబ్బుల్నీ ఒకటే చేసేశారు.

అసలు మోసం ఇంకోచోట ఉంది, కాస్త జాగ్రత్తగా వినండి. టీ4 ఒంట్లో సగానికి తగ్గడానికి సుమారు ఏడు రోజులు పడుతుంది. అంటే ఇవాళ మాత్ర ఆపి కషాయం మొదలుపెడితే, రెండు మూడు వారాలు పాత మాత్ర బలంతోనే నడుస్తారు. "చూశావా, మాత్ర లేకుండానే హాయిగా ఉన్నాను" అంటారు. ఆ మాట నలుగురికీ చేరుతుంది. తర్వాత నీరసం మెల్లగా వచ్చినప్పుడు, ఎండలకో పని ఒత్తిడికో అనుకుంటారు. అబద్ధం ఎవరూ చెప్పట్లేదు. క్యాలెండరే అబద్ధం చెప్తోంది. నిజం తేలాలంటే ఆరు వారాల తర్వాత రక్తపరీక్ష చూడాలి.

ఇంగ్లీషు వైద్యం వైపూ తప్పుంది, అది చెప్పకపోతే న్యాయం కాదు. హైదరాబాద్‌తో కలిపి ఎనిమిది నగరాల్లో చేసి 2013లో ప్రచురించిన సర్వేలో సుమారు 11 శాతం మందికి థైరాయిడ్ మందగించిందని తేలింది. వాళ్లు కాక ఇంకొంతమందిది టీఎస్‌హెచ్ కాస్త పెరిగి, హార్మోన్ మామూలుగానే ఉన్న రకం. ఆ రకానికి కొన్నిసార్లు మందు లేకుండానే తగ్గిపోతుంది. 65 దాటిన 737 మంది మీద చేసి 2017లో ప్రచురించిన పరీక్షలో, అలాంటివాళ్లకి మాత్ర ఇచ్చినా నీరసం తగ్గలేదని తేలింది. "నాకు మాత్ర ఎందుకు, ఇంకోసారి టెస్ట్ చేసి చూద్దామా" అని డాక్టర్ని అడగడం మీ హక్కు. సొంతంగా ఆపేయడం వేరు. గర్భంతో ఉన్నవాళ్లయితే అస్సలు ఆపకూడదు, మొదటి నెలల్లో బిడ్డ మెదడు తల్లి హార్మోన్ మీదే ఆధారపడుతుంది.

ఇంకోటి. జుట్టు రాలుతోందని బయోటిన్ మాత్రలు వేసుకునేవాళ్లు మీలో చాలామంది ఉంటారు. ఆ బయోటిన్ కొన్ని ల్యాబ్ మిషన్లని తికమక పెడుతుంది, టీఎస్‌హెచ్ ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. రక్తం ఇచ్చే ముందు కనీసం రెండు రోజులు అది ఆపి, ఆ సంగతి ల్యాబ్‌లో చెప్పండి. ఉంటానండీ.