స్థలం మారినా తెగని లెక్క

నేను కామర్స్ చదివినవాణ్ణి. ముప్పై ఏళ్లుగా బ్యాంకులో లెడ్జర్లతో కాపురం. అలాంటివాడు అయస్కాంతం గురించి రాయడమేమిటని పాఠకులు అనుకోవచ్చు. దానికి కారణం మా మేనల్లుడు.

అలీబాగ్ బ్రాంచిలో పనిచేస్తున్న రోజుల్లో వాడు సెలవులకి నా దగ్గరికి వచ్చాడు. అప్పుడు తొమ్మిదో తరగతి. సాయంత్రం సముద్రపొడ్డుకి నడుస్తుంటే అయస్కాంత వేధశాల బోర్డు చూసి ఆగిపోయాడు. "మామయ్యా, భూమి మొత్తం అయస్కాంతమే కదా! దాన్ని కొలవడానికి ఈ చిన్న ఊరే ఎందుకు? ముంబయిలో కొలవకూడదా?" అన్నాడు. నాకు జవాబు తెలియలేదు. తరవాత చదివి తెలుసుకున్నది ఇక్కడ చెబుతున్నాను. ఆ వయసు పిల్లలు మీ ఇళ్లల్లో ఉంటే వాళ్లకీ వినిపించండి.

ముందు కాస్త పాఠం. దువ్వెనని పొడి జుట్టుకి రుద్ది కాగితం ముక్కల దగ్గర పెడితే అవి ఎగిరి అంటుకుంటాయి. అయస్కాంతం గుండుసూదుల్ని లాక్కుంటుంది. చూడటానికి రెండూ ఒకటిగానే కనిపిస్తాయి. కాదు, ఇవి వేరు వేరు అని 1600లో విలియం గిల్బర్ట్ అనే ఇంగ్లీషు వైద్యుడు తేల్చి రాశాడు. దిక్సూచి ముల్లు ఉత్తర దిక్కు చూడటానికి కారణం భూమే ఒక పెద్ద అయస్కాంతం కావడమని చెప్పినవాడూ ఆయనే. ఆ తరవాత 220 ఏళ్లు విద్యుత్తు ఖాతా వేరు, అయస్కాంతం ఖాతా వేరు. 1820లో డెన్మార్కు శాస్త్రవేత్త అయర్‌స్టెడ్ రెండు ఖాతాలనీ కలిపాడు. తీగలో కరెంటు పారుతున్నప్పుడు పక్కనున్న దిక్సూచి ముల్లు తిరగడం ఆయన గమనించాడు. దువ్వెన మీద కదలకుండా ఉండే విద్యుత్తు, తీగలో పారడం మొదలుపెడితే చుట్టూ అయస్కాంత ప్రభావం పుట్టిస్తుందన్నమాట. పిల్లలు ఇది ఇంట్లోనే చూడొచ్చు. దిక్సూచి మీదుగా ఉత్తర దక్షిణాలుగా ఒక తీగ పెట్టి, దాని రెండు కొసలూ టార్చి సెల్లుకి ఒక్క క్షణం ఆనించండి. ముల్లు పక్కకి జరుగుతుంది. ఎక్కువసేపు ఆనిస్తే మాత్రం తీగా సెల్లూ వేడెక్కుతాయి, జాగ్రత్త.

ఇక ముంబయి కథ. ఈస్టిండియా కంపెనీ 1826లో కొలాబాలో వేధశాల కట్టించింది. నక్షత్రాలు చూడటం, ఓడలకి సరైన టైము చెప్పడం దాని పని. భూమి అయస్కాంత బలం ఎప్పుడూ ఒక్కలా ఉండదు, గంట గంటకీ కొద్దికొద్దిగా మారుతుంది. దాన్ని ప్రపంచమంతటా ఒకేసారి కొలవాలని జర్మనీలో గౌస్ వంటి పెద్దలు పట్టుబట్టిన కాలం అది. 1841లో కొలాబాలోనూ ఆ కొలతలు మొదలయ్యాయి. సన్నని దారాలతో అయస్కాంతాన్ని వేలాడదీసి, అది ఎంత తిరిగిందో దూరం నుంచి టెలిస్కోపుతో చూసి, పుస్తకంలో రాసేవారు. పగలూ రాత్రీ అదే పని. మా క్యాషియర్ రోజు చివర నగదు లెక్కపెట్టినట్టు వాళ్లు గంట గంటకీ ముల్లుని లెక్కపెట్టారు.

ఇలాంటి విసుగు పుట్టించే పని ఎందుకు పనికొస్తుంది? 1859 సెప్టెంబరు 1న ఇంగ్లండులో కారింగ్టన్ అనే ఆయన సూర్యుడి మీద ఒక పెద్ద మెరుపు చూశాడు. ఒక రోజైనా గడవకముందే భూమి మీద అయస్కాంత తుపాను విరుచుకుపడింది. టెలిగ్రాఫు తీగలు నిప్పురవ్వలు కక్కాయి. సెప్టెంబరు 2న కొలాబాలో అయస్కాంత బలం సుమారు 1,600 నానోటెస్లాలు పడిపోయింది. ఇక్కడ మామూలుగా ఉండే అడ్డు బలం 38 వేల దాకా ఉంటుందనుకుంటే, నూటికి నాలుగు వంతులన్నమాట. ఆ వేళ డ్యూటీలో ఉన్నవారు కంగారుపడి కూర్చోలేదు. గంటకోసారి చూసేదాన్ని మరింత తరచుగా చూసి రాశారు. 144 ఏళ్ల తరవాత, 2003లో, సురుటానీ, లఖినా తదితర శాస్త్రవేత్తలు ఆ తుపాను ఎంత పెద్దదో అంచనా కట్టింది ఈ కొలాబా పుస్తకం ఆధారంగానే.

ఇక ట్రాముల దగ్గరికి వద్దాం. 1874 నుంచి బొంబాయిలో గుర్రాలు లాగే ట్రాములుండేవి. 1900 ప్రాంతంలో వాటిని కరెంటుతో నడపాలన్న ప్రయత్నాలు సాగాయి. ట్రాముకి కరెంటు పై తీగ నుంచి వస్తుంది, పట్టాల గుండా తిరిగి వెళ్తుంది. కొంత నేలలోకీ జారుతుంది. అయర్‌స్టెడ్ బల్ల మీద చూసినదే ఇక ఊరంతా జరుగుతుంది. ట్రాము కదిలినప్పుడల్లా కొలాబాలో ముల్లు ఊగితే, అది భూమి మాటో ట్రాము మాటో ఎవరు చెప్పగలరు?

ఊరికి ట్రామూ కావాలి, శాస్త్రానికి లెక్కా కావాలి. అప్పటి డైరెక్టరు నానాభాయ్ మూస్. 1896లో ఆ కుర్చీలో కూర్చున్న మొదటి భారతీయుడు. ఆయన బొంబాయికి దక్షిణాన సుమారు 30 కిలోమీటర్ల దూరంలో, కరెంటు లేని అలీబాగ్‌ని ఎంచుకున్నాడు. అయస్కాంత గుణం లేదని పరీక్షించి తెచ్చిన పోర్‌బందర్ రాయితో, ఇనుము తగలకుండా అక్కడ గదులు కట్టించాడు. 1904లో అలీబాగ్‌లో కొలతలు మొదలయ్యాయి. కాని కొలాబాలో వెంటనే ఆపలేదు. 1906 దాకా, రెండేళ్లపాటు, రెండు చోట్లా కొలిచారు. ఒకచోటి అంకె రెండోచోట ఎంతవుతుందో తేల్చుకున్నాకే కొలాబా పుస్తకం మూశారు. 1907లో బొంబాయి వీధుల్లో కరెంటు ట్రాము బయల్దేరింది. 1964లో అదీ ఆగిపోయింది. అలీబాగ్ లెక్క ఇంకా నడుస్తూనే ఉంది.

ఇది చదివినప్పుడు నాకు మా బ్యాంకు గుర్తొచ్చింది. కంప్యూటర్లు వచ్చిన కొత్తలో కొన్నాళ్లు చేతి లెడ్జరూ కంప్యూటరూ రెండూ నడిపేవాళ్లం. పారలల్ రన్ అనేవాళ్లం. రాత్రి తొమ్మిదింటికి రెండు బ్యాలెన్సులూ కలవక తిట్టుకున్న రోజులున్నాయి. కాని రెండూ కలిసేదాకా పాత లెడ్జరు అటకెక్కేది కాదు.

ఇంకోటి కూడా గుర్తొచ్చింది. మా తాతయ్య కరీంనగర్ జిల్లా నుంచి బొంబాయి మిల్లుకి వచ్చాడు. అణా టిక్కెట్టుతో ట్రాములో తిరిగిన సంగతులు కథలుగా చెప్పేవాడు. జీతం లెక్కలూ ఊరికి ఉత్తరాలూ తెలుగులోనే రాసేవాడు. నాన్న తెలుగు బడిలో చదివాడు. నేనూ మా చెల్లెలూ ఇంట్లో నాన్న దగ్గర నేర్చుకున్నాం. మా మేనల్లుడు తెలుగు చక్కగా మాట్లాడతాడు, ఒక్క అక్షరం చదవలేడు. మరాఠీ, ఇంగ్లీషు వచ్చాయి కదా అని మేమే పాత పుస్తకం మూసేశాం. వాడి తప్పేమీ లేదు. పారలల్ రన్ పెట్టాల్సినవాళ్లం మేము.

అలీబాగ్ ఎందుకని అడిగినవాడికి జవాబు ఇదీ. ఈ సంచిక ఇంటికొచ్చాక వాడికి నేనే చదివి వినిపించాలి. మొదటి పేరా మాత్రం వాడి చేతే చదివించాలని ఉంది. ఎన్ని ఆదివారాలు పట్టినా సరే.