వెలుగు తరలిపోయినా నిలిచిన రాతి దీపస్తంభం

చెన్నై: మద్రాసు హైకోర్టు ప్రాంగణంలో ఎర్రని గోపురాలకు, గుమ్మటాలకు దిగువన ఎత్తయిన రాతిస్తంభం ఒకటి ఒంటరిగా నిలిచి ఉంది. వ్యాజ్యాల నిమిత్తం వచ్చే కొత్తవారు దానిని ఏ యుద్ధవిజయానికి గుర్తుగానో, ఏ దొర స్మారకంగానో భావిస్తే ఆశ్చర్యపడనక్కరలేదు. నిజానికి అది 1844 జనవరి 1 నుంచి అర్ధశతాబ్దం పాటు బంగాళాఖాతంలో ఓడలకు దారి చూపిన దీపస్తంభం. మద్రాసు తీరాన ఒకదాని తరువాత ఒకటిగా వెలిగిన నాలుగు దీపాలలో ఇది రెండవది. మొదటి దీపం వెలిగిన భవనం నేడు మ్యూజియం. మూడవది వెలిగిన గోపురం హైకోర్టు భవనంలో భాగం. నాలుగవది మెరీనా ఒడ్డున నేటికీ వెలుగుతోంది. కేవలం దీపం కోసమే కట్టిన ఈ రెండవ స్తంభానికి మాత్రం 1894 తరువాత వేరే పని లేకపోయింది. దాని పరిరక్షణలోని చిక్కంతా అక్కడే ఉంది.

కొబ్బరి నూనెతో మొదలు

పేరుకు పెద్ద రేవు పట్టణమైనా 19వ శతాబ్దం చివరి వరకు మద్రాసుకు సరైన రేవు లేదు. ఓడలు తీరానికి దూరంగా నడిసముద్రంలోనే లంగరు వేసేవి. సరకులు, ప్రయాణికులు అలలను దాటి ఒడ్డు చేరడానికి మసూలా పడవలే ఆధారం. మేకులు లేకుండా, పలకలను కొబ్బరి పీచు తాళ్లతో కుట్టి చేసిన ఆ పడవలు కెరటం దెబ్బకు విరగక వంగేవి. కోరంగి, మచిలీపట్నం, భీమునిపట్నం వైపు నుంచి వచ్చే నావలకు సైతం ఇక్కడ ఇదే అనుభవం. చీకటిలో తీరం ఎంత దూరాన ఉందో తెలియకుంటే లంగరు ఎక్కడ వేయాలో తెలియదు.

ఆ అవసరం తీర్చడానికి 1796లో సెయింట్ జార్జి కోటలోని ఎక్స్ఛేంజి భవనం కప్పు మీద తొలి దీపాన్ని ఏర్పాటు చేశారు. కొబ్బరి నూనెతో వెలిగే పన్నెండు దీపాలు, వాటి వెనుక వెలుగును సముద్రం వైపు మళ్లించే దేశవాళీ అద్దాలు. సాధనాలు ఇంతే అయినా సుమారు అర్ధశతాబ్దం పాటు అదే దారి చూపింది. ఆ భవనమే నేడు భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ నిర్వహిస్తున్న కోట మ్యూజియం.

సున్నం తెలిసిన ఇంజనీరు

రేవుకు వచ్చే ఓడలు పెరగడంతో మరింత ఎత్తయిన, మరింత ప్రకాశవంతమైన దీపం అవసరమైంది. మద్రాసు ఇంజనీర్ల దళానికి చెందిన కెప్టెన్ జె.టి.స్మిత్‌కు ఆ పని అప్పగించారు. కోటకు ఉత్తరాన ఉన్న బహిరంగ మైదానాన్ని స్థలంగా ఎంచుకున్నారు. పల్లావరం కొండల నుంచి రాయి తెచ్చి, ప్రాచీన గ్రీకుల డోరిక్ శైలిలో, పైకి పోయేకొద్దీ సన్నబడే స్తంభాన్ని నిర్మించారు. ఎత్తు సుమారు 125 అడుగులు. శిఖరాన ఆర్గాండ్ దీపాలు, పరావర్తకాలు అమర్చారు. గుండ్రని బోలు వత్తి లోపలి నుంచి, వెలుపలి నుంచి గాలి ఆడేలా చేసి, పైన గాజు చిమ్నీ పెట్టడం ఆర్గాండ్ దీపంలోని మెలకువ. సాధారణ వత్తి దీపంతో పోల్చితే పొగ తక్కువ, వెలుగు ఎక్కువ.

స్మిత్ గురించి ఇంకొక విషయం చెప్పుకోవాలి. సున్నపు గచ్చు, సిమెంట్లపై ఫ్రెంచి ఇంజనీరు వికా రచించిన శాస్త్రగ్రంథాన్ని ఆయన ఇంగ్లీషులోకి అనువదించగా 1837లో ప్రచురితమైంది. ఏ సున్నం నీటిలో గట్టిపడుతుంది, ఏది ఉప్పుగాలికి పిండిగా రాలుతుంది అన్న వివేచన తెలిసిన వ్యక్తి చేతిలో ఈ స్తంభం రూపుదిద్దుకుంది. తరువాత ఆయన మద్రాసు టంకశాల అధిపతిగా కూడా పనిచేశారు.

స్తంభం వెలిగిన మూడేళ్లకు, 1847లో, విజయనగరం జిల్లా తీరాన శాంతపల్లి కొండపై మరొక దీపం వెలిసింది. భీమునిపట్నం వెళ్లే ఓడలను సముద్రంలోని శాంతపల్లి రాళ్ల నుంచి తప్పించడం దాని పని. తెలుగు తీరంలోని పాత దీపస్తంభాలలో అది ఒకటి.

న్యాయస్థానం నెత్తిన దీపం

స్తంభం పక్కనే హైకోర్టు భవన నిర్మాణం 1888లో మొదలైంది. ఇండో సారసెనిక్ శైలిలోని ఈ భవనాన్ని హెన్రీ ఇర్విన్ పర్యవేక్షణలో పూర్తి చేసి, 1892 జూలై 12న ప్రారంభించారు. నిర్మాణ బాధ్యత వహించిన కాంట్రాక్టరుగా తాటికొండ నంబెరుమాళ్ళు శెట్టి పేరు ప్రసిద్ధం. ఇంటిపేరే ఆయన తెలుగు మూలాలను చెబుతుంది. కన్నెమరా గ్రంథాలయంతో సహా నగరంలోని పలు ప్రసిద్ధ కట్టడాలు ఆయన చేతి మీదుగానే లేచాయి.

కొత్త భవనపు ప్రధాన గోపురం సుమారు 175 అడుగులు. పక్కనే అంతకంటె ఎత్తయిన చోటు దొరికాక, పాత స్తంభంపై దీపం కొనసాగించడంలో అర్థం లేకపోయింది. 1894 జూన్ 1 నుంచి కిరోసిన్‌తో వెలిగే దీపం గోపురం మీదకు మారింది. ఒక న్యాయస్థానం నెత్తిన ఓడల దీపం వెలగడం లోకంలో అరుదైన విషయమే. స్తంభం మాత్రం ఆ రోజు నుంచి చీకటిలో ఉండిపోయింది.

చీకటిలో ఉన్నా చరిత్ర దాని చుట్టూనే నడిచింది. 1914 సెప్టెంబరు 22 రాత్రి జర్మన్ యుద్ధనౌక ఎండెన్ మద్రాసుపై సుమారు 130 గుండ్లు పేల్చింది. రేవు వద్ద బర్మా ఆయిల్ కంపెనీ చమురు ట్యాంకులు అంటుకున్నాయి. హైకోర్టు ప్రాంగణపు గోడ సైతం ఆ దాడిలో దెబ్బతిన్నది. అందుకు గుర్తుగా అక్కడ ఫలకం ఉంది. తెగువ గలవాడిని ‘ఎండెన్’ అనడం తమిళనాట అప్పటి నుంచే వాడుకలోకి వచ్చింది. 1928 ఫిబ్రవరిలో సైమన్ కమిషన్‌కు నిరసన తెలిపిన నాడు టంగుటూరి ప్రకాశం పంతులు పోలీసు తుపాకులకు రొమ్ము చూపింది కూడా ఈ హైకోర్టు సమీపంలో, ప్యారిస్ కార్నర్ వద్దనే. 1954 జూలై 5న గుంటూరులో ఆంధ్ర హైకోర్టు ఏర్పడే వరకు సర్కారు జిల్లాల వారికి, దత్త మండలాల వారికి పెద్ద కోర్టు ఇదే. భూమి తగాదాలతో రైలెక్కి వచ్చిన తెలుగు కక్షిదారులు ఎందరో ఈ స్తంభం నీడన నడిచినవారే.

హైకోర్టు గోపురంపై దీపం ఎనభై మూడేళ్లు వెలిగింది. 1977 జనవరి 10న మెరీనాలో త్రికోణాకారపు కొత్త లైట్‌హౌస్ పని ప్రారంభించడంతో దాని పాత్రా ముగిసింది.

ఎవరి బాధ్యత?

పాత దీపస్తంభాల పరిరక్షణకు చట్టం లేకపోలేదు. 1927 నాటి లైట్‌హౌస్ చట్టం స్థానంలో 2021లో వచ్చిన నౌకాయాన సహాయక సాధనాల చట్టం వారసత్వ దీపస్తంభం అనే హోదాను కల్పించింది. అయితే కేంద్ర ప్రభుత్వం తన అధీనంలోని సాధనాలకే ఆ హోదా ఇవ్వగలదు. దారి చూపే పనితో పాటు విద్య, సంస్కృతి, పర్యాటకాలకు కూడా వాటిని వినియోగించాలన్నది ఉద్దేశం. 2024 ఫిబ్రవరి 28న దేశంలోని 75 లైట్‌హౌస్‌లలో పర్యాటక సదుపాయాలను ప్రధాని జాతికి అంకితం చేశారు. వెలిగే దీపాలకు ఇది మేలే. కానీ నూట ముప్పై ఏళ్ల క్రితమే దీపం పోగొట్టుకొని, కోర్టు ఆవరణలో మిగిలిన స్తంభం ఈ లెక్కలోకి రావడం కష్టం. చట్టం దృష్టిలో అది నావికులకు సాధనం కాదు, ఒక రాతికట్టడం మాత్రమే.

రాతికట్టడమైనా దానికి తగిన సంరక్షణ కావాలి. సముద్రం దగ్గర ఇటువంటి నిర్మాణాలకు ముప్పు రాయిలో కంటె రాళ్ల మధ్య అతుకులలోనే ఎక్కువ. గాలిలోని ఉప్పు తేమతో పాటు అతుకులలోకి చేరి, ఎండకు స్ఫటికాలుగా గట్టిపడి, సున్నాన్ని లోపలి నుంచి రాల్చుతుంది. పక్షులు వదిలిన రావి, మర్రి గింజలు ఆ సందులలో మొలుస్తాయి. మొక్కను పైకి కోసివేస్తే చాలదు, వేరు మళ్లీ చిగురిస్తుంది. అన్నిటికంటె తరచుగా జరిగే పొరపాటు సిమెంటు పూత. సున్నపు గచ్చు తేమను బయటకు వదులుతుంది, గట్టి సిమెంటు దానిని లోపలే బంధిస్తుంది. చూడడానికి మరమ్మతు పూర్తయినట్టే ఉంటుంది, నష్టం మాత్రం లోపల సాగుతూనే ఉంటుంది. సున్నం గుణదోషాలపై గ్రంథం అనువదించిన వాని కట్టడానికి సిమెంటు పూయడం కంటె విడ్డూరం లేదు.

ఇక చూడడం మాట. మెరీనా లైట్‌హౌస్‌ను భద్రతా కారణాలతో 1991 నుంచి మూసి ఉంచి, 2013 నవంబరు 14న తిరిగి సందర్శకులకు తెరిచారు. లిఫ్టులో పైకి వెళ్లి తీరాన్ని చూడవచ్చు. కోట మ్యూజియంలోకి టికెట్టు కొని వెళ్లవచ్చు. హైకోర్టు ప్రాంగణం అలా కాదు. 2015 నవంబరు నుంచి అక్కడ కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం కాపలా ఉంది. ప్రజలు దారి హక్కు కోరకుండా ఏటా ఒక రోజు ద్వారాలన్నీ మూసివేసే పాత ఆనవాయితీ సైతం ఈ ప్రాంగణానికి ఉంది. భద్రత అవసరాన్ని ఎవరూ కాదనరు. సెలవు రోజులలో నియమిత వేళల్లో, గుర్తింపు చూపినవారిని చిన్న బృందాలుగా స్తంభం వరకు అనుమతించడం, దాని పాదం వద్ద తమిళం, ఇంగ్లీషుతో పాటు తెలుగులోనూ వివరాల పలక పెట్టడం అసాధ్యమైన పనులు కావు. ప్రస్తుతానికి ఆ దీపస్తంభాన్ని తీరికగా చూడగలిగేది కోర్టులో పని ఉండి, తమ కేసు పిలుపు కోసం వేచి ఉన్నవారే.