చలికాలపు లెక్క: మేడ్చల్ పల్లెల్లో ఇల్లు, గొంగడి, కట్టె

1946 జనవరి 8న హైదరాబాద్‌లో ఉష్ణోగ్రత 6.1 డిగ్రీలకు పడిపోయింది. నగర వాతావరణ చరిత్రలో నమోదైన అత్యంత చల్లని రోజు అదే. అంకె అందరికీ ఒక్కటే. కానీ ఆ రాత్రి పటేల్ భవంతిలో పడుకున్నవాడికి, ఊరవతల మాదిగవాడలో పడుకున్నవాడికి, కల్లం కాడ వడ్లకు కావలి పడుకున్న జీతగాడికి చలి ఒక్కటి కాదు.

తక్కువ ఖర్చుతో చలికాలానికి ఇల్లు ఎట్ల సిద్ధం చేసుకోవాలె అని పత్రికల మహిళా పేజీలు ఏటా సలహాలు చెబుతుంటాయి. కిటికీకి మందపాటి తెర, నేల మీద తివాచీ, పాత స్వెట్టర్లకు ఎండ. ఈ సలహాల్లో పైసల సంగతి ఉంటది, హక్కు సంగతి ఉండదు. మన వాడల్లో చలికాలపు ఏర్పాటు చాలాకాలం పైసలతో జరగనే లేదు. మన్ను, పెండ, కట్టె, తాటికమ్మ, ఉన్ని - ఇవి ఎవరి భూమిలో ఉన్నాయి, ఎవరు తెచ్చుకోనిస్తారు, అందుకు బదులు ఏం చాకిరీ చెయ్యాలె అన్నదే అసలు లెక్క. అందుకే వెచ్చదనానికి కూడా చరిత్ర ఉంది. అది భూమి చరిత్ర నుంచి విడిగా లేదు.

ఈ ప్రాంతం మీద మనకు ఒక ప్రసిద్ధ గ్రంథమే ఉంది. ఉస్మానియాలో పనిచేసిన శ్యామాచరణ్ దూబే 1950ల మొదట్లో శామీర్‌పేటలో పరిశోధన చేసి 1955లో ‘ఇండియన్ విలేజ్’ ప్రచురించాడు. ప్రపంచమంతా సామాజికశాస్త్ర విద్యార్థులు మన శామీర్‌పేటను చదివారు. శామీర్‌పేట మాల, మాదిగ పిల్లలు దాన్ని చదివే నాటికి రెండు తరాలు గడిచాయి, అది వేరే సంగతి. ఆ పుస్తకాన్ని ఎక్కువమంది కులవ్యవస్థ కోసం, కులాల మధ్య ఇచ్చిపుచ్చుకోవడాల కోసం చదువుతారు. జీవన స్థాయిల మీద అందులో ఒక పూర్తి అధ్యాయమే ఉంది. ఏ ఇంట్లో ఏముంది అన్న ప్రశ్నను కులం ప్రశ్నతో కలిపి చదివితేనే దాని విలువ తెలుస్తది. ‘ఇచ్చిపుచ్చుకోవడం’ అన్నమాటే చూడండి. ఇద్దరూ సమానంగా ఇచ్చి పుచ్చుకున్నట్టు వినిపిస్తది. కింది నుంచి చూస్తే అది అట్ల కనిపించదు.

ముందు గోడల సంగతి. గుడిసె కప్పు పని ఎండాకాలం చివర, వానలు పడకముందే అయిపోవాలె. చలికి ముందు చేసేది గోడల పని. నాలుగు నెలల వానకు మట్టిగోడ అడుగున కరిగి బొక్కలు పడతది, మూలలు విచ్చుకుంటయి. తూర్పుగాలి తిరిగేసరికి ఆ బొక్కలు పూడాలె. బతుకమ్మ, దసరాకు ఇల్లు అలికి పూయడాన్ని పండుగ ముచ్చటగానే రాస్తారు. నిజానికి అది ఏటా జరిగే మరమ్మతు. చెరువు మన్ను, ఎర్రమన్ను, వడ్ల పొట్టు, పెండ కలిపి తొక్కి, పగుళ్లలో కుక్కి, పైన చేత్తో పూసి ఆరనిస్తారు. తలుపు లేని ఇంటికి తాటికమ్మ తడక, దాని మీద గోనెసంచి. ఈ పనంతా ఆడవాళ్లదే. కూలికి పోయి వచ్చినంక, పొద్దుగూకినంక చేసేది.

మన్ను ఊరికే దొరికేది. పెండ దొరికేది కాదు. మాకు పశువులు లేవు. మా నాయినమ్మ రోజూ పొద్దున పటేల్ కొట్టంలో పెండ తీసేది, కానీ ఆ పెండ ఆయన పొలానికి ఎరువు. ఇంటికి కావలసింది ఊరి మంద పోయే తొవ్వ మీద, గంప పట్టుకొని పశువుల వెనక నడిచి ఏరుకోవాలె. అక్కడా పోటీయే. అలుకుకు కొంత, పిడకలకు కొంత. వానకాలంలో పిడక ఎండదు కాబట్టి చలికి కావలసినవి వానలు ఆగినంక కొట్టుకున్నవే. కంది కోతలైనంక కందికట్టె వస్తది, కానీ చేను పటేల్‌ది. కోతకు పోయిన కూలోళ్లకు ఒక మోపు ఇచ్చుడు ఆయన దయ. ఆ దయకు బదులుగా వాళ్లింట్ల పెండ్లికి కట్టెలు కొట్టాలె, నీళ్లు మొయ్యాలె. ఏరుకొచ్చిన కట్టెకు కూడా స్థానిక ధర కట్టి ఇంటి ఖర్చులో చూపే పద్ధతి జాతీయ నమూనా సర్వేలో ఉంది. మంచిదే. గట్టు మీద పడిన మాటలకు ఏ ధర కడతారు?

ఇగ గొంగడి. దక్కన్ నల్లగొర్రె ఉన్నిని కురుమ ఆడవాళ్లు వడికితే, మొగవాళ్లు నేస్తారు. చింతగింజల గంజి పెట్టి బిగువు తెస్తారు. వానకు, చలికి, పరుపుకు, మూట కట్టుకునేందుకు అన్నిటికీ అదే. బాగా చూసుకుంటే ఏండ్లకేండ్లు ఉంటది. కూలి మీద బతికే ఇల్లు దాన్ని కొనుడు కష్టం. వాడలోకి గొంగడి ఎక్కువగా వచ్చింది జీతం ద్వారా. ఉగాదికి జీతం కుదిరినప్పుడు ఏడాదికి ఇంత గింజ, ఒక జత చెప్పులు, ఒక గొంగడి అని మాట అనుకునేవారు. చెప్పులు కుట్టేది మాదిగలే, అవి దొర ఇచ్చినట్టు లెక్క!

ఆ గొంగడి ఇంట్లో ఉండేదా? కార్తీకం నుంచి పుష్యం దాకా, చలి ముదిరే రోజుల్లోనే, వరి కోతలు, కల్లాలు. జీతగాడు రాత్రి కల్లం కాడనో, పశువుల కొట్టంలోనో పడుకోవాలె. గొంగడి అతనితోనే పోయేది. అంటే ఇంట్ల ఉన్న ఒక్క ఉన్ని బట్ట పటేల్ వడ్లకు కావలి కాసేది. ఇంట్ల తల్లీ పిల్లలు బొంతలో. దీన్ని దానం అన్నారు, కూలిలో భాగం అన్నారు. నేనైతే దాన్ని పనిముట్టు అంటాను. నాగలిని ఎట్ల ఇచ్చాడో గొంగడినీ అట్లనే ఇచ్చాడు. 1976లో వెట్టిచాకిరి నిర్మూలన చట్టం వచ్చింది. జీతాలు ఒక్కరోజుతో పోలేదు కానీ, పోయినప్పుడు గొంగడి కూడా వాటితోపాటే పోయింది.

బొంతకు ఎవరి దయా అక్కర లేదు. పాత చీరెలు, ధోవతులు పొరలు పొరలుగా పరిచి దబ్బనంతో కుట్టుడు. అయితే పాతబట్టలు కావాలంటే ముందు కొత్తబట్టలు ఉండాలె గదా. ఏడాదికి రెండు చీరెలు కట్టే మనిషి ఇంట్లో బొంతకు మిగిలేది చిరుగుపాతలే. 1983 తర్వాత ఎన్టీఆర్ ప్రభుత్వం సగం ధరకు ఇచ్చిన జనతా చీరెలు, ధోవతులు మా వైపు కొన్నేండ్లకు బొంతలై కనిపించాయి. సంక్షేమ పథకాల మీద రాసేవాళ్లు ఇది కూడా గుర్తించాలె.

నిజాం కాలంలో ఈ ఊర్లు అత్రాఫ్-ఎ-బల్దా జిల్లాలో, ఆయన సొంత ఆదాయానికి కేటాయించిన సర్ఫ్-ఎ-ఖాస్‌లో ఉండేవి. 1949లో అది రద్దయింది. వాడలకు మాత్రం భూమి రాలేదు. ఆ తర్వాత వచ్చింది పరిశ్రమ. 1960లలో చింతల్‌లో హెచ్ఎంటీ, బాలానగర్‌లో ఐడీపీఎల్, 1967లో దుండిగల్‌లో ఎయిర్ ఫోర్స్ అకాడమీకి శంకుస్థాపన, తర్వాత జీడిమెట్ల పారిశ్రామికవాడ. పోయిన భూమికి పట్టా ఉన్నవాడికి పరిహారం. ఆ భూమి గట్ల మీద కట్టె, బీడు మీద పెండ, ఒడ్డున గడ్డి తెచ్చుకున్నవాళ్లకు ఏ పట్టా ఉంది? వాళ్లు ఏం పోగొట్టుకున్నారో ఏ ఫైలుకూ ఎక్కలేదు. దూలపల్లి, కండ్లకోయ అడవి అంచులకు కట్టెలకు పోతే గార్డు గొడ్డలి గుంజుకునేవాడు. కండ్లకోయ అడవిలో తర్వాత ఆక్సిజన్ పార్కు కట్టారు, నడక కోసం.

పరిశ్రమ కొన్ని ఇచ్చింది కూడా, కాదనను. హమాలీ పని, కాంట్రాక్టు కూలి, నెలకు చేతిలో కొంత పైకం. ఆ పైకంతో షోలాపూర్ చెద్దర్లు వాడలోకి వచ్చాయి. పటేల్‌ను అడగకుండా కప్పుకున్న మొదటి దుప్పటి అదే. అది చిన్న సంగతి కాదు. పేడ్లు కట్టే పెట్టెల చెక్కలు, సామిల్లు పొట్టు, యూరియా సంచులు కూడా వచ్చాయి. పొట్టు పొయ్యిలో పొట్టు గట్టిగా కూరితే గంటల తరబడి నిదానంగా కాలి గదంతా వెచ్చగా ఉంటది. కాకుంటే పొగ. ఆ పొగకు ఫ్యాక్టరీల వాసన తోడు. చలిరాత్రి గాలి నేలకు అణిగి వాసన కదలదు. తలుపు తీస్తే వాసన, మూస్తే పొగ.

గుడిసె పోయి రేకు వచ్చింది. సనత్‌నగర్‌లో 1946లో మొదలైన హైదరాబాద్ ఆస్‌బెస్టాస్ వాళ్ల చార్మినార్ రేకు మాకు పక్కింటి సరుకు. గుడిసె మీద మోజుతో రాసే పట్నం రచయితలతో నాకు పేచీ ఉంది. గుడిసె కాలిపోతది. అందులో పాము దూరుతది. ఏటా కప్పుకు తాటికమ్మ కోసం ఒకరిని బతిమాలాలె. రేకు వేసుకున్న రోజు మా వాడలో ఎవరూ గుడిసె కోసం ఏడ్వలేదు. అయితే రేకు చలిని ఆపదు. పుష్యమాసం తెల్లవారుజామున రేకు లోపలివైపు నీళ్లు పేరుకొని బొట్టుబొట్టుగా బొంత మీద పడతయి. అందుకే ఇప్పుడు రేకు కింద ఎన్నికల ఫ్లెక్సీలు కడుతున్నారు, నాయకుల మొహాలు పైకి తిప్పి.

హాస్టల్ సంగతి ఒక్క మాట. చదువు కోసం ఇల్లు వదిలిన మా తరానికి చలికాలపు ఇల్లు అంటే సర్కారు హాస్టల్ హాలే. నేనున్న చోట దుప్పట్లు ఏటా వచ్చేవి, శివరాత్రికి అటూ ఇటూగా. శివరాత్రికి శివశివా అని చలి పోతదని సామెత. ఇద్దరిద్దరం ఒక చెద్దర్లో పడుకునేవాళ్లం. ఎవరి కులం ఏందని ఆ చలిలో ఎవరూ అడగలేదు. తెల్లారినంక అడిగేవాళ్లు.

కుత్బుల్లాపూర్ 2007లో గ్రేటర్ హైదరాబాద్‌లో కలిసింది. 1999 నాటి దీపం పథకం నుంచి గ్యాసు ఇంటింటికీ చేరుతూ వచ్చింది. అయినా డిసెంబర్‌లో తెల్లారి ఐదు గంటలకు సూరారం, గాజులరామారం, జగద్గిరిగుట్ట గల్లీల్లో నడిస్తే, రేకుల గదుల ముందర మూడు రాళ్ల మీద స్నానాలకు నీళ్లు కాగుతుంటయి. గ్యాసు కూరకే, నీళ్లకు కాదు. పాలమూరు, శ్రీకాకుళం, బీహార్, ఒడిషా నుంచి వచ్చినవాళ్లూ, నైట్ డ్యూటీ దిగిన కూలోళ్లూ ఆ మంట చుట్టే కూసుంటరు. మంటలో కాలేది పెట్టెల చెక్క. ఊరికే ఏరుకునే ఆ చెక్కను కొన్నిచోట్ల తుక్కు దుకాణాల్లో తూచి అమ్ముతున్నరు.