స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ చరిత్రలో లైసెన్సు, సముదాయం: ఓపెన్‌ఆఫీస్ విభజన - పరిశీలన

వ్యాససంగ్రహం:
సాఫ్ట్‌వేర్ స్వేచ్ఛను గురించిన చర్చ చాలావరకు లైసెన్సు చుట్టూనే సాగుతుంది. లైసెన్సు అవసరమే అయినా స్వేచ్ఛ నిలబడటానికి అదొక్కటే చాలదని 1997 నాటి డెబియన్ సామాజిక ఒప్పందం, 2010 నాటి ఓపెన్‌ఆఫీస్ విభజన ఆధారంగా ఈ వ్యాసం నిరూపిస్తుంది.

కీలకపదాలు: స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్, ఓపెన్ సోర్స్, డెబియన్, లిబ్రేఆఫీస్, సముదాయం, స్థానికీకరణ.

1. ఉపోద్ఘాతం

రిచర్డ్ స్టాల్మన్ 1983లో గ్నూ ప్రాజెక్టును ప్రకటించారు. 1985లో ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ ఏర్పడింది. ప్రోగ్రామును నడుపుకోవడం, దాని సోర్స్ కోడ్‌ను చదివి మార్చుకోవడం, ప్రతులు పంచుకోవడం, మార్చిన రూపాన్ని సైతం ఇతరులకు అందించడం అనే నాలుగు స్వేచ్ఛలు వాడుకరికి ఉండాలన్నది ఈ ఉద్యమ సిద్ధాంతం. 'ఉచితం', 'స్వేచ్ఛ' అనే వేర్వేరు మాటలున్న తెలుగులో ఆంగ్లపదం వల్ల కలిగే సందిగ్ధతకు తావు లేదు. 1989లో వెలువడిన జనరల్ పబ్లిక్ లైసెన్సు ఈ స్వేచ్ఛలకు చట్టపరమైన రక్షణ కల్పించింది. అయితే హక్కు పత్రంలో ఉండటం వేరు, దానిని వినియోగించుకోగలగడం వేరు. ఈ భేదమే ప్రస్తుత పరిశీలనకు ఆధారం.

2. సామాజిక ఒప్పందం - ఓపెన్ సోర్స్ నిర్వచనం

ఇయాన్ మర్డాక్ 1993లో ప్రారంభించిన డెబియన్ ప్రాజెక్టు 1997 జూలైలో ఒక సామాజిక ఒప్పందాన్ని ఆమోదించింది. ఇందులో రెండు భాగాలున్నాయి. మొదటిది ప్రతిజ్ఞల రూపంలో ఉంది: లోపాలను దాచబోమని, చేసిన పనిని స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సముదాయానికి తిరిగి ఇస్తామని, వాడుకరుల ప్రయోజనాలకు ప్రాధాన్యం ఇస్తామని అది చెబుతుంది. రెండవది ఏ లైసెన్సు స్వేచ్ఛాయుతమైనదో తేల్చే మార్గదర్శకాల పట్టిక.

1998లో 'ఓపెన్ సోర్స్' అనే పేరు ప్రచారంలోకి వచ్చింది. బ్రూస్ పెరెన్స్, ఎరిక్ రేమండ్ ఓపెన్ సోర్స్ ఇనిషియేటివ్‌ను నెలకొల్పారు. ఆ సంస్థ స్వీకరించిన నిర్వచనానికి మూలం డెబియన్ మార్గదర్శకాలే. అంటే ఒప్పందంలోని రెండవ భాగం ప్రపంచ ప్రమాణమైంది. ప్రతిజ్ఞలు మాత్రం డెబియన్‌లోనే ఉండిపోయాయి. లైసెన్సును పరీక్షించే కొలబద్ద అందరికీ దొరికింది గాని, నిర్ణయాధికారం ఎవరిది అన్న ప్రశ్న ఆ కొలబద్దకు అందలేదు. డెబియన్ మాత్రం 1998 డిసెంబరులో రాజ్యాంగాన్ని ఆమోదించి, నాయకుణ్ణి సభ్యులే ఏటా ఎన్నుకునే పద్ధతిని స్థిరపరచుకొంది.

3. ఓపెన్‌ఆఫీస్: లైసెన్సు ఉన్నా దక్కని అధికారం

జర్మనీకి చెందిన స్టార్ డివిజన్ రూపొందించిన స్టార్‌ఆఫీస్‌ను సన్ మైక్రోసిస్టమ్స్ 1999లో కొనుగోలు చేసి, 2000 అక్టోబరులో దాని సోర్స్ కోడ్‌ను విడుదల చేసింది. ఓపెన్‌ఆఫీస్ అలా ఆవిర్భవించింది. లైసెన్సు పరంగా దానిలో వేలెత్తిచూపదగిన లోపం లేదు. కాని కోడ్ సమర్పించేవారు తమ కాపీరైట్‌లో సన్‌కు ఉమ్మడి హక్కు రాసివ్వవలసి వచ్చేది. ఆ హక్కుతో సన్ అదే కోడ్‌ను వేరే షరతులపై అమ్ముకోగలిగేది. ఇతరులకు ఆ వెసులుబాటు లేదు. స్వతంత్ర ఫౌండేషన్ ఏర్పడాలన్న తొలినాటి ఆలోచన పదేళ్లు గడిచినా కార్యరూపం దాల్చలేదు. ప్రధాన ప్రాజెక్టులో చోటు దొరకని సవరణలు 'గో-ఓఓ' పేరుతో బయటే పోగుపడ్డాయి.

4. 2010 విభజన

2010 జనవరిలో సన్ సంస్థ ఆరకిల్ వశమైంది. అదే ఏడాది సెప్టెంబరు 28న సముదాయంలోని ప్రముఖులు డాక్యుమెంట్ ఫౌండేషన్‌ను ప్రకటించి, లిబ్రేఆఫీస్ పేరుతో వేరుపడ్డారు. కోడ్‌ను తీసుకుపోయే హక్కు లైసెన్సు ఇచ్చింది. పేరును తీసుకుపోయే హక్కు ఇవ్వలేదు. ట్రేడ్‌మార్కు ఆరకిల్ వద్దనే ఉండిపోయింది. కొత్త సంస్థలో చేరినవారు పాత సముదాయ మండలి నుంచి తప్పుకోవాలని మండలిలోని ఆరకిల్ ప్రతినిధులు కోరారు.

2011 జనవరిలో లిబ్రేఆఫీస్ తొలి స్థిరమైన విడుదల 3.3 వెలువడింది. ఫౌండేషన్ మూలధనానికి అవసరమైన 50,000 యూరోలు ఎనిమిది రోజుల్లో విరాళాలుగా సమకూరాయి. 2012లో బెర్లిన్‌లో అది చట్టబద్ధంగా నమోదైంది. కాపీరైట్ రాసివ్వాలన్న షరతు తొలగిపోయింది.

2011 జూన్‌లో ఆరకిల్ పాత ప్రాజెక్టును అపాచీ ఫౌండేషన్‌కు అప్పగించింది. అపాచీ లైసెన్సు కూడా ఓపెన్ సోర్స్ లైసెన్సే. అయినా పనిచేసే చేతులు చాలక అభివృద్ధి మందగించింది. ప్రాజెక్టును ముగించే విషయం 2016లో బహిరంగ చర్చకు వచ్చింది. ఒకే మూలం నుంచి వచ్చిన రెండు శాఖలకూ ఓపెన్ సోర్స్ లైసెన్సు ఉంది. వాటి భవిష్యత్తును వేరుచేసింది ప్రధానంగా సముదాయ బలమే.

సముదాయం అంటే స్వచ్ఛంద సేవకులు మాత్రమే అనుకోవడం పొరపాటు. లిబ్రేఆఫీస్ అభివృద్ధిలో జీతం తీసుకొనే ఇంజనీర్ల పాత్ర గణనీయం. అయితే వారు వేర్వేరు సంస్థలవారు కావడం, ఫౌండేషన్ పాలకవర్గాన్ని సభ్యులే ఎన్నుకోవడం వల్ల ఏ ఒక్క యజమాని నిర్ణయంతోనూ ప్రాజెక్టు ఆగిపోదు.

5. తెలుగుకు అన్వయం

పత్రాల భద్రత తెలుగు పరిశోధకులకు కొత్త సమస్య కాదు. యూనికోడ్‌కు పూర్వం సొంత సంకేతపద్ధతులతో వచ్చిన ఖతుల్లో కూర్చిన పాఠం, ఆ ఖతి లేని కంప్యూటరులో అర్థంలేని అక్షరాల గుంపుగా కనిపిస్తుంది. అమ్మినవారు ఆదరణ ఆపితే పాఠం కూడా అనాథ అవుతుంది. మరోవైపు, మార్చుకొనే హక్కు లైసెన్సు ఇచ్చినంత మాత్రాన మెనూలోని ఒక్క మాటైనా తెలుగులోకి రాదు. పదాలను ఎంచి, చర్చించి, అనువదించి, ప్రతి విడుదలకూ సరిచూసే మనుషులు కావాలి. హైదరాబాదు కేంద్రంగా పనిచేసే స్వేచ్ఛ వంటి సంస్థలు ఆ బాధ్యతను తలకెత్తుకొన్నాయి. మార్కెట్ లెక్కల్లో వెనుకబడిన భాషలకు సముదాయం అలంకారం కాదు, ఆధారం.

6. ముగింపు

లైసెన్సు లేకపోతే 2010లో లిబ్రేఆఫీస్ పుట్టేదే కాదు. సముదాయం లేకపోతే లైసెన్సు ఇచ్చిన హక్కును చేపట్టేవారే ఉండేవారు కాదు. కాబట్టి విద్యాసంస్థలు, గ్రంథాలయాలు సాఫ్ట్‌వేర్‌ను ఎంచుకొనేటప్పుడు లైసెన్సుతో పాటు మరి మూడు ప్రశ్నలు వేసుకోవాలి: నిర్ణయాలు ఎవరు చేస్తారు? పేరు, సర్వర్లు ఎవరి చేతిలో ఉన్నాయి? ప్రధాన సంస్థ తప్పుకుంటే పని కొనసాగించేవారు ఉన్నారా? డెబియన్ ఒప్పందంలో వెనుకబడిపోయిన మొదటి భాగం ఇలాంటి ప్రశ్నలకే సమాధానం వెదికింది.